గవ్వలదిబ్బ ఫుట్‌నోటు

తుఫాను మీద సదస్సు పెట్టుకుంటే తుఫానే వచ్చి ముందువరసలో కూర్చుంది అని బాపట్లలో ఆ రెండో రోజు పొద్దున ఇడ్లీల దగ్గర ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. సూర్యకుమారి కూడా నవ్వింది. తరవాత తరవాత ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకి ఒళ్ళు జలదరించేది గానీ, ఆ పూట మాత్రం హాయిగానే నవ్వింది.

1990 మే నెల. వేసవి సెలవలు కాబట్టి కాలేజీ హాలు ఖాళీ, హాస్టలు ఖాళీ, అతిథులకి కావలసినన్ని మంచాలు. మన వైపు సదస్సులన్నీ ఎండాకాలంలోనే ఎందుకు జరుగుతాయంటే ఇదీ కారణం. విద్య మీద ప్రేమ అనుకునేరు! గుమ్మానికి కట్టిన గుడ్డ మీద ‘విపత్తు నిర్వహణలో ఆపరేషన్స్ రీసెర్చ్ - రాష్ట్రస్థాయి సదస్సు’ అని ఎర్ర రంగుతో రాయించారు. రాత్రి గాలికి దాని కొస ఒకటి ఊడిపోయి, పొద్దుట్నుంచీ గోడకేసి టపటపా కొట్టుకుంటోంది. అటెండరు రెండుసార్లు కట్టాడు. మూడోసారి ఊడితే ఇక వదిలేశాడు.

రేడియోలో మాటిమాటికీ హెచ్చరికలు చెబుతున్నారు. వాయుగుండం తుఫానైంది, తుఫాను పెనుతుఫానైంది, ఇవాళ సాయంత్రానికి తీరం దాటుతుంది. బుద్ధున్నవాళ్ళు ముందురోజే ఇళ్ళకి బయల్దేరిపోయారు. వాల్తేరు నుంచీ హైదరాబాదు నుంచీ వచ్చిన ప్రొఫెసర్లు మాత్రం రైళ్ళు ఆగిపోయి ఇరుక్కుపోయారు. వాళ్ళున్నారనే కన్వీనరు వెంకటరాఘవయ్య గారికి ధైర్యం. వినేవాళ్ళు ఎటూ పోలేరు గనక ముగింపు సభ జరిగి తీరాల్సిందే అన్నారాయన.

ఆయన సూర్యకుమారికి ఎమ్మెస్సీలో పాఠం చెప్పిన మాస్టారు. రిటైరై ఆరేళ్ళయినా జిల్లాలో ఆయన వేలు పెట్టని సదస్సు లేదు. సూర్యకుమారి తెనాలిలో ఒక కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతుంది. నలభై దగ్గర పడింది. తుఫాను వస్తే ఏ ఊరి జనాన్ని ఏ షెల్టరుకి తరలించాలి అన్న లెక్క మీద రెండేళ్ళ కిందట తెనాలి సదస్సులో పేపరు చదివింది. ఉత్తమ పత్రమని బహుమతి వచ్చింది. అప్పట్నుంచీ ఎక్కడ సదస్సు జరిగినా ఆమెని పిలవకుండా ఉండరు.

పదింటికి వెంకటరాఘవయ్య గారు వేదిక ఎక్కారు. కరెంటు లేదు, మైకు లేదు. ఆయనకి అదొక లోటు కాదు. జేబులోంచి ఒక ఉత్తరం తీసి గాలికి ఎగరకుండా రెండు చేతులా పట్టుకున్నారు.

“తీరం పక్క మండలాధికారి బసవేశ్వరరావు గారు నిన్న రాత్రి మనిషినిచ్చి పంపారు. వినండి,” అని చదివారు. “తమ సదస్సుకి రాలేకపోతున్నందుకు మన్నించాలి. ఈసారి మేము జనాన్ని ఎటు పడితే అటు తోలడం లేదు. శ్రీమతి సూర్యకుమారి గారి పేపరులో మూడో పట్టిక ఏ పల్లెని ఏ షెల్టరుకి పంపమందో అచ్చంగా అలాగే పంపుతున్నాము. ఆ పట్టికని పెద్దక్షరాలతో రాయించి అయిదు షెల్టర్ల తలుపులకీ అంటించాము.”

ఉత్తరం మడిచి ఆయన హాలంతా కలయజూశారు. “ఇదయ్యా ఆపరేషన్స్ రీసెర్చ్ అంటే! మనం ఇక్కడ కూర్చుని ఉండగానే అక్కడ మన పట్టిక పని చేస్తోంది.”

చప్పట్లు కొట్టారు. హైదరాబాదు ప్రొఫెసరు లేచి నిలబడి మరీ కొట్టాడు. పట్టికలో పద్నాలుగో వరస సూర్యకుమారి కళ్ళకి కట్టింది. గవ్వలదిబ్బ, జనం రెండు వందల పన్నెండు, తూర్పు షెల్టరు, నడక.

ఆ లెక్క కోసం మూడేళ్ళ కిందట ఎండలో అడవులదీవి అవతల పల్లెలన్నీ కాళ్ళరిగేలా తిరిగింది. పద్నాలుగు పల్లెలు, అయిదు షెల్టర్లు. ఎవరికి దగ్గరైన షెల్టరుకి వాళ్ళు పోతే ఒకటి కిక్కిరిసిపోతుంది, ఇంకోటి బోసిపోతుంది. అందుకని కొందరిని అటూ కొందరిని ఇటూ సర్ది, అందరూ నడిచే నడక మొత్తం కలిపి చూస్తే తగ్గేలా చెయ్యాలి. సర్దగా సర్దగా తేలిందేంటంటే, ఎప్పుడూ ఉత్తరం షెల్టరుకి పోయే గవ్వలదిబ్బ వాళ్ళని తూర్పు షెల్టరుకి పంపి, ఉత్తరందాన్ని వేరే రెండు పల్లెలకిస్తే మొత్తం నడక పదకొండు శాతం తగ్గుతుంది. పైగా గవ్వలదిబ్బకి తూర్పు షెల్టరే దగ్గర. పావుగంట నడక. ఉత్తరంది మూడు మైళ్ళు.

ఆ మాట చెబితే గవ్వలదిబ్బ ఊరిపెద్ద యలమంద తల అడ్డంగా ఊపాడు. సముద్రం మీద చేపల వేటకి పోయే అరవై ఏళ్ళవాడు, డెబ్బై ఏడు ఉప్పెనలో ఇద్దరు కొడుకుల్ని పోగొట్టుకున్నవాడు.

“దగ్గరే, కాదన్ను తల్లీ. మధ్యలో మురుక్కాలవ మీద నేలబారు చప్టా ఉండిద్ది. పాటు మీద నీళ్ళు తీసినప్పుడు మోకాలు గూడా తడవదు. పోటు మీద నీళ్ళెక్కితే మనిషి మునుగుతాడు. తూరుపుగాలి బిగిసిందంటే ఇంక పాటే ఉండదు. మూడు మైళ్ళయినా మేం ఉత్తరానికే పోతాం. అటు మెరక.”

ఆమె విని ఊరుకోలేదు. పేపర్లో పట్టిక కింద ఫుట్‌నోటు రాసింది. గవ్వలదిబ్బ కేటాయింపు చప్టా మీద నీరు లేనప్పుడే చెల్లుతుంది అని. తీరా టైపు చేయిస్తే పేపరు తొమ్మిదింబావు పేజీలొచ్చింది. సదస్సు వాళ్ళ నిబంధన ఎనిమిది. “ఫుట్‌నోట్లు ఎవరు చదువుతారమ్మాయ్, తీసి పారెయ్,” అన్నారు మాస్టారు.

నిజం చెప్పాలంటే పేజీల గొడవ సాకే. చప్టా మూసుకుపోయిందనుకుని ఆమె లెక్క మళ్ళీ కట్టి చూసింది. పదకొండు శాతం కాస్తా రెండు శాతానికి దిగింది. రెండు శాతానికి ఎవరు బహుమతులిస్తారు? ఆ నోటుని నీలం పెన్సిలుతో కొట్టేసింది ఆమే, ఇంకెవరూ కాదు. కొట్టేసిన రోజు ఆమెకి నిద్ర కూడా బాగానే పట్టింది. సదస్సులో చదివిన పేపరు చూసి ఎవడైనా నిజంగా ఏదైనా చేస్తాడని మన పంతుళ్ళలో ఎవరనుకుంటారు? బైండు చేసిన పుస్తకంలో పడి ఉంటుంది, ప్రమోషనుకి పనికొస్తుంది. ఆమె కూడా అలాగే అనుకుంది. అంతకన్నా పెద్ద తప్పు ఆమె జీవితంలో చెయ్యలేదు.

చప్పట్లు ఆగకముందే లేచి వేదిక పక్కకి వెళ్ళింది.

“మాస్టారూ, ఆ పట్టిక తప్పండి.”

“ఏంటమ్మాయ్?”

“గవ్వలదిబ్బ వాళ్ళు చప్టా దాటలేరండి. అప్పుడు ఫుట్‌నోటు తీసేశాను గదండీ, అది ఇదేనండి.”

మాస్టారు ముందు చుట్టూ చూశారు, ఎవరైనా విన్నారా అని. తరవాత గొంతు తగ్గించారు. “ఇప్పుడంటావేంటమ్మా? సాయంత్రం సభలో నీకు శాలువా ఉంది. అయినా వాళ్ళు సముద్రం ఒడ్డున పుట్టిపెరిగినవాళ్ళు. నీళ్ళు కనిపిస్తే ఆగరా? నీ పట్టిక చూసి కాలవలో దూకుతారా?”

ఆ మాటకి ఆమెకి ప్రాణం లేచొచ్చింది. నిజమే గదా, యలమంద దూకడు. ఉత్తరానికే నడుస్తాడు. కానీ ఉత్తరం షెల్టరు తలుపు మీద ఏముంది? ఆమె పట్టికే ఉంది. అందులో గవ్వలదిబ్బ పేరుకి ఎదురుగా తూర్పు షెల్టరు అని ఉంది.

“అక్కడికెళ్ళినా లోపలికి రానివ్వరండి,” అంది. ప్రిన్సిపాలు గదిలో ఫోనెత్తితే చప్పుడు లేదు. మాస్టారు వెనక నుంచి పిలుస్తూనే ఉన్నారు. ఆమె చేతిసంచీ తీసుకుని వర్షంలో బస్టాండుకి నడిచింది.

రేపల్లె పోయే బస్సు ఒకటుంది. ఇదే ఆఖరు, మళ్ళీ ఎప్పుడో చెప్పలేం అన్నాడు కండక్టరు. లోపల ఎనిమిది మంది కూడా లేరు. దారి పొడుగునా తాడిచెట్లు ఒకే పక్కకి వంగి ఉన్నాయి. చెరుకుపల్లి దాటాక తోటల పక్కన రోడ్డు మీద మామిడికాయలు కుప్పలుగా రాలి పడున్నాయి. టైర్ల కింద చితుకుతున్నాయి. ఏరుకోవడానికి ఒక్క పిల్లవాడు బయట లేడు. సూర్యకుమారి ఊళ్ళు చాలా చూసింది గానీ, రాలిన కాయలు ఎవరికీ అక్కర్లేని ఊరు ఎప్పుడూ చూడలేదు. భయం అప్పుడు నిజంగా పట్టుకుంది. తూర్పుకి పోయే బస్సుకి గాలి ఎదురు కొడుతోంది. అంటే తూరుపుగాలి కాబోలు అనుకుంది, కాకపోతే బాగుండునని మొక్కుకుంది, కండక్టరుని అడిగింది.

“తూరుపుగాలేనమ్మా. పొద్దుట్నుంచీ ఇంతే,” అన్నాడు.

రేపల్లెలో దిగేసరికి పన్నెండున్నర. బసవేశ్వరరావు బస్టాండులోనే దొరికాడు. లారీలు ఆపి పురమాయిస్తున్నాడు. పొలాలున్న ఇంటి బిడ్డ, మంచి ఒడ్డూ పొడుగూ మనిషి. రెండు రోజులుగా నిద్రలేక కళ్ళు మోదుగుపువ్వుల్లా ఉన్నాయి. ఆమెని చూడగానే మొహం వికసించింది.

“మేడమ్ గారూ, మీరే వచ్చారా! పదమూడు పల్లెలండి, పొద్దున్న పదింటికల్లా ఖాళీ. ఒక్క తోపులాట లేదు. మీకు చేతులెత్తి దణ్ణం పెట్టాలండి.”

“గవ్వలదిబ్బ?”

“దానికి లారీ ఎందుకండి, మీరే నడక అని రాశారు గదా. టముకు వేయించాం. ఈపాటికి చేరుంటారు.”

ఆమె చెప్పింది. చప్టా సంగతి, యలమంద చెప్పిన మాట, నీలం పెన్సిలు, అన్నీ చెప్పింది. గాలికి గొంతు వినపడక కొన్ని మాటలు రెండేసిసార్లు చెప్పాల్సొచ్చింది. అది ఇంకా సిగ్గనిపించింది.

బసవేశ్వరరావు లారీల సంగతి వదిలేశాడు. “పొద్దున తొమ్మిదిన్నరకి గవ్వలదిబ్బ వాళ్ళంతా పిల్లాజెల్లాతో ఉత్తరం షెల్టరుకే వచ్చారంటండి. మావాళ్ళు పట్టిక చూపించి, మీది ఇది కాదు, తూర్పుది అని వెనక్కి పంపారంట. వాళ్ళ పెద్ద చాలాసేపు గొడవపడ్డాడంట. మంచిపని చేశారని నేనే మెచ్చుకున్నాను.”

“ఇప్పుడు ఉత్తరం షెల్టర్లో జాగా ఉందా అండీ?”

“మనిషి మీద మనిషి ఉన్నారండి.”

ఆయన తిడతాడేమోనని ఆమె ఎదురుచూసింది. తిడితే బాగుండుననిపించింది. “జీపెక్కండి,” అన్నాడాయన. లారీ వాళ్ళ దగ్గర లావుపాటి మోకు ఒకటి అడిగి తీసుకుని వెనక పడేశాడు.

చెట్లు అడ్డంపడి రెండుచోట్ల ఆగాల్సొచ్చింది. మురుక్కాలవ కట్ట ఎక్కేసరికి మూడు కావస్తోంది. వెనక తూర్పు షెల్టరు తెల్లగా, ఖాళీగా నిలబడి ఉంది. రెండు వందల పాతిక మందికి సరిపోయే మేడ. దాని తలుపు మీద కాగితం సగం చిరిగి వేలాడుతోంది. ముందు కాలవ. చప్టా ఎక్కడా లేదు. రెండు గట్ల మీదా చప్టాకి గుర్తుగా పాతిన రాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. కాలవ వెనక్కి పారుతోంది. సముద్రంలో కలవాల్సిన నీళ్ళు సముద్రం దగ్గర్నుంచి ఊళ్ళ మీదికి, బురదగా, చప్పుడు లేకుండా వస్తున్నాయి.

అవతలి గట్టు మీద జనం. ఆడవాళ్ళు పిల్లల్ని చంకలకెత్తుకుని ఉన్నారు, నెత్తిన మూటలు. అందరికంటే ముందు యలమంద. మూడేళ్ళయినా ఆమెని గుర్తుపట్టాడు. చేతులు నోటికి అడ్డం పెట్టుకుని కేకేశాడు.

“మేడమ్ గారూ! ఇటు రమ్మంటారా, ఎనక్కి పొమ్మంటారా?”

వెనక వాళ్ళ పల్లె వైపు చూస్తే అప్పటికే తాటాకు కప్పుల దాకా నీళ్ళు మెరుస్తున్నాయి. ఉత్తరానికి మళ్ళీ మూడు మైళ్ళు, అక్కడ జాగా లేదు. ఇటు పాతిక బారల కాలవ. ఆమె బసవేశ్వరరావు వంక చూసింది. ఆయన ఆమె వంకే చూస్తున్నాడు. పేపర్లో ఇలాంటి చోటికి వచ్చినప్పుడు ‘అనుకుందాం’ అని మొదలుపెట్టేది. ఇప్పుడు ఏమనుకోవాలో తెలియలేదు. అవతల రెండు వందల మంది ఆమె నోటివంక చూస్తున్నారు.

“రండి!” అని అరిచింది. ఏడుపు కూడా అందులోనే వచ్చేసింది.

గవ్వలదిబ్బ కుర్రాళ్ళిద్దరు ఈదుకుంటూ వచ్చి మోకు కొస తీసుకుపోయారు. ఇటు జీపుకి కట్టారు, అటు గుర్తురాయికి కట్టారు. మోకు పట్టుకుని, కాళ్ళ కింద చప్టా తడుముకుంటూ, ఛాతీ లోతు నీళ్ళలో ఒకరి వెనక ఒకరు రావాలి. యలమంద అటే నిలబడి ఒక్కొక్కరినీ దించుతున్నాడు.

“నేను తోలతాను, మీరు లెక్కెట్టుకోండి తల్లీ!” అని అరిచాడు.

ఆమెకి చేతనైన పని అదొక్కటే. గట్టు అంచున నిలబడి, నీళ్ళలోంచి వచ్చిన తలనల్లా పైకి లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. బసవేశ్వరరావు చెయ్యందించి లాగుతున్నాడు. చంటిపిల్లల్ని విడిగా లెక్కెయ్యాలని గుర్తుపెట్టుకుంది. ఎక్కడా తప్పకూడదని పళ్ళు బిగించింది. అరవై దగ్గర నీళ్ళు మెడదాకా వచ్చాయి. నూరు దగ్గర పొట్టివాళ్ళని పొడుగువాళ్ళు భుజాల మీద ఎక్కించుకుంటున్నారు. నూట ఇరవై, నూట నలభై. గాలి మాటల్ని నోట్లోంచి ఊడబెరుక్కుపోతోంది. అయినా ఆపలేదు. నూట అరవై ఎనిమిది అంది.

అప్పుడు అవతలి గుర్తురాయి నేలలోంచి పెకిలి వచ్చింది. మోకు ఒక్కసారి వదులై నీళ్ళ మీద తేలింది. దాని మీద ఉన్న ఆరుగురో ఏడుగురో మనుషులు కనపడ్డారు, మళ్ళీ కనపడలేదు. ఇటు గట్టుకి వచ్చి ఉన్న ఆ కుర్రాళ్ళిద్దరూ దూకారు. ఒకడు ఒక మనిషిని పట్టుకుని తిరిగొచ్చాడు. రెండోవాడు రాలేదు. అవతలి గట్టు మీద మిగిలినవాళ్ళని యలమంద ఉత్తరం వైపు అదిలించడం ఒక్క క్షణం కనిపించింది. అంతలో వాన మూసేసింది.

“నూట అరవై తొమ్మిది,” అంది సూర్యకుమారి, ఆ వచ్చిన మనిషిని చూసి. ఇంకా అక్కడే నిలబడింది. బసవేశ్వరరావు భుజం పట్టుకుని షెల్టరు లోపలికి లాక్కుపోవాల్సొచ్చింది.

లోపల ఇంకా వెలుతురుంది. తడిబట్టల వాసన, పిల్లల ఏడుపులు. ఎవరి మనుషుల్ని వాళ్ళు పేర్లు పెట్టి పిలుచుకుంటున్నారు. ఒక పక్క గోడకి ఆనుకుని ఆమె కూర్చుంది. మనసులో ఇంకా అంకెలే తిరుగుతున్నాయి. ఒక పాతికేళ్ళ పిల్ల, భుజాన బిడ్డ, మనుషుల మధ్య వెతుక్కుంటూ ఆమె దగ్గరికి వచ్చి ఆగింది.

“మేడమ్ గారూ, నేను అనసూయనండి, యలమంద గారి మేనకోడల్ని. మా అత్త దాటిందా అండీ? నన్ను ముందు పొమ్మని తను ఆడోళ్ళతో వస్తానంది. ముసలామె, ఎర్రంచు చీర, ఎడంచేతికి కట్టు. మీరు గట్టు మీదే ఉన్నారు గదండీ, ఒక్కొక్కళ్ళనీ లెక్కపెడతన్నారు.”

సూర్యకుమారి కళ్ళు మూసుకుని వెతికింది. ఎనభై ఉంది, తొంభై ఉంది, నూట పదిహేను దగ్గర ఒక చంటిపిల్ల ఉంది. ముసలామె లేదు. ఎర్రంచు లేదు. కట్టు కట్టిన చెయ్యి లేదు. ఒక్క మొహం కూడా లేదు.

“వచ్చే ఉంటది గదమ్మా? మీరు అందర్నీ చూశారు గదా,” అంది అనసూయ మళ్ళీ.

“చూళ్ళేదమ్మా,” అంది సూర్యకుమారి. “లెక్కపెట్టానంతే.”

అనసూయ బిడ్డని రెండో భుజం మీదికి మార్చుకుని, పక్కనున్న మనిషిని అడగడానికి వెళ్ళింది.